స్టేషన్లో వదిలేసిన కుక్క

పంతొమ్మిదివందల యాభై రెండు కరువులో గోనెగండ్ల నుంచి బొంబాయికి కూలికి పోతూ ఒక కుటుంబం తమ కుక్కను ఆదోని స్టేషన్లో వదిలేసి రైలెక్కింది. రెండు రోజులుగా పట్టాల పక్కనే పడి ఉన్న దాన్ని లింగమ్మ ఇంటికి తెచ్చుకుంది. ఆమె జిన్నింగు మిల్లులో పత్తి ఏరే మనిషి. మొగుడు పోయాక ఒంటరిగా ఉంటోంది.

మొదట్లో కుక్క గుడిసెలోకి రాలేదు. ఆమె చీపురు తీస్తే చాలు, వణుకుతూ అరుగు కిందికి దూరేది. లింగమ్మ చీపురును చూరులో దాచేసి పాత గుడ్డతో ఊడ్చుకునేది. ఎదురుగా మనిషి ఉంటే అది తిండి ముట్టేది కాదు. అందుకని కరువుకు పెట్టిన గంజి కేంద్రంలో తనకు పోసిన గంజిలో సగం దాని ముందు పెట్టి, అటు తిరిగి కూచునేది. వెనక నాకుతున్న చప్పుడు వినబడ్డాకే మిగతా సగం తాగేది. కుక్కకు గంజి పోసేంత కలిగినదానివా అని ఇరుగుపొరుగు నవ్వారు.

పదహారో రోజున అది గడప దాటి లోపలికొచ్చింది. రెండు నెలలకు మిల్లు గేటు దాకా తోడు రావడం మొదలుపెట్టింది.

మరుసటి ఏడు వానలు పడ్డాక, స్టేషన్లో ఆరా తీసి జయన్న అనే మనిషి ఆమె గుడిసెకు వచ్చాడు. కుక్క తనదేనని, తీసుకుపోతానని అన్నాడు. లింగమ్మకు ఇవ్వ మనసు రాలేదు. అయినా పక్కకు తప్పుకుంది.

కుక్క అతన్ని గుర్తుపట్టి మీదికి దూకింది. చేతులు నాకింది. ఉన్నట్టుండి అతన్ని వదిలేసి వీధిలోకి పరుగెత్తి, అటూ ఇటూ చూసి, తిరిగొచ్చి అతని మూటను వాసన చూసింది. మళ్లీ వీధిలోకి పరుగెత్తింది.

“పాపను ఎతుకుతాండాది,” అన్నాడు జయన్న.

అతని కూతురు ఉరుకుందమ్మ ఆరేళ్ల పిల్ల. బొంబాయిలో అమ్మవారు పోసి చనిపోయిందట. జ్వరంలో కూడా కుక్కనే అడిగిందట. ఊరికి పోగానే తెచ్చిస్తానని అతను మాటిచ్చాడట.

కుక్క మూడోసారి మూట దగ్గరికి వచ్చేసరికి అతను మొహం తిప్పుకున్నాడు.

“ఇది ఇంట్లో ఇట్ల తిరిగితే నా పెండ్లాం తట్టుకోలేదక్కా. నీకాడే ఉండనీ.”

“పాప దీన్ని ఏమని పిలిసేది?” అని అడిగింది లింగమ్మ.

అతను చెప్పబోయి ఆగిపోయాడు. మూటెత్తుకుని వెళ్లిపోయాడు.

అతను సందు తిరిగేదాకా లింగమ్మ కుక్కను రెండు చేతులా పట్టుకునే ఉంది. అది గింజుకుని ఆమె ముంజేయి కొరికింది. ఆమె వదల్లేదు. రక్తం కారుతుండగానే దాని తలను ఒళ్లోకి తీసుకుని, మొగుడు పోయిననాడు కూడా ఏడవనంతగా ఏడ్చింది.