చేపలమ్మ డిస్కు

తిరుపతమ్మ డబ్బా మూత బిగించి, చుట్టూ టేపు రెండు వరసలు తిప్పి, మూత మీద తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించింది. దాని మీద బాల్‌పెన్నుతో ఒత్తి ఒత్తి 'ఉప్పు' అని రాసింది. యాభై రెండో ఏట నేర్చుకున్న అక్షరాలు. కింది ఒత్తు ఇప్పటికీ పై అక్షరాన్ని వదిలేసి దూరంగా జారిపోతుంది. చింతపండు, ఇంగువ, కారం ఇంకా మిగిలాయి. సాయంత్రం అయిదింటికి వ్యాన్ వస్తుంది. రేపు ఈ వేళకు ఆమె వియత్నాంలో నలభై మందికి చారు కాస్తూ ఉంటుంది.

ఎక్కడికి వెళ్లినా తెలుగు భోజనమే పెడతామని దిల్‌సుఖ్‌నగర్‌లో మురళీకృష్ణ తన ట్రావెల్స్ ముందు బోర్డు పెట్టుకున్నాడు. ఆ భోజనం తిరుపతమ్మే. మొగుడు పోయాక నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చి, పెళ్లిళ్లలో ఉల్లిగడ్డలు కోసి కోసి, చివరికి విమానమెక్కింది. పదకొండేళ్లలో తొమ్మిది దేశాలు తిరిగింది. చూసినవన్నీ హోటళ్ల వెనక గుమ్మాలు, అంట్ల తొట్లు. కానీ ప్రతి యాత్రలో ఆఖరి రోజు రెండు గంటలు మాత్రం ఆమె ఎవరికీ ఇవ్వదు. జనం చాక్లెట్లు, సెంట్లు కొనుక్కునే వేళ ఆమె వెతుక్కుంటూ వెళ్లి ఆ దేశపు సినిమా డిస్కు ఒకటి కొంటుంది. భాష రాని సినిమా నీకెందుకమ్మా అని మొదటిసారి మురళీకృష్ణ అడిగినప్పుడే తేల్చేసింది.

"వంట మీది, గా రెండు గంటలు నాయి. గవ్వి గూడ గుంజుకుంటె గంటె మీరే పట్టుకోండ్రి సార్."

మన్సూరాబాద్‌లో ఆమె మిద్దె మీద గదికి కిరాయి కట్టే ఇల్లు శేషారత్నంది. తెనాలి వైపు నుంచి ఎప్పుడో వచ్చిన ఆ ఎనభై ఏళ్ల ముసలావిడే ఆమెకు అక్షరాలు దిద్దించింది. డిస్కు తెచ్చినప్పుడల్లా మధ్యాహ్నం మూడింటికి ఇద్దరూ కింది గదిలో కూర్చుని చూసేవాళ్లు. ఒక్క మాటా అర్థమయ్యేది కాదు. వాడు మొగుడా తమ్ముడా, అది కోపమా బెంగా అని పోట్లాడుకునేవాళ్లు. పోట్లాట తేలాక ఒక పేరు ఖాయం చేసేవారు. తిరుపతమ్మ ప్లాస్టర్ మీద రాసి పెట్టె మీద అంటించేది. పడవ దొంగ. ఏడ్వని పెళ్లికూతురు.

ఈసారి జపాన్ నుంచి తెచ్చిన డిస్కుకు ఇంకా పేరు లేదు. తను వచ్చేసరికి శేషారత్నం దవాఖానలో ఉంది. మూడు వారాలయ్యాక, ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నారు డాక్టర్లు. నిన్ననే తెచ్చారు. పొద్దున తిరుపతమ్మ డిస్కు పెట్టగానే నల్లటి తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వచ్చి నిలబడిపోయాయి. శేషారత్నం మనవరాలు సింధు చదివింది.

"ఈ ప్రాంతంలో ఈ డిస్క్ ఆడదట. పోనీ నానమ్మా, ఫోన్లో ఏదో ఒక జపాన్ సినిమా పెట్టనా?"

"ఏదో ఒకటి నాకెందుకే?" శేషారత్నం గొంతు గాలిలా ఉంది గాని పదును పోలేదు. "తిరుపతమ్మా, నువ్వు వియత్నాం నుంచి వచ్చేసరికి నేనుండను. ఆ చేపలమ్మ సంగతేమిటో తేల్చేసి పో."

చేపలమ్మ అంటే డిస్కు పెట్టె మీది బొమ్మ. చిన్న కొట్టులో నడివయసు మనిషి చేప వేయిస్తోంది. వెనక కిటికీలో మంచు.

అప్పుడు గుర్తొచ్చింది తిరుపతమ్మకు. జపాన్‌లో ఆ పాత డిస్కుల దుకాణంవాడు పెట్టె వెనక భూగోళం బొమ్మ, అందులో రెండు అంకె చూపించి, చేతులు అడ్డంగా పెట్టి వద్దు వద్దన్నాడు. నీకు అర్థం కాదులే అంటున్నాడనుకుని ఆమెకు రోషమొచ్చింది. ఆ రోషంతోనే కొనేసింది.

మసాలా డబ్బాలు అలాగే వదిలేసి, ప్లేయర్‌ను రిమోట్, డిస్కులతో సహా బియ్యం సంచిలో పెట్టుకుని ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకప్పుడు డిస్కులు కిరాయికిచ్చిన భిక్షపతి ఇప్పుడు ఫోన్లకు అద్దాలు అంటిస్తున్నాడు. ప్లేయర్ చూసి నవ్వాడు.

"అక్కా, గీ డబ్బా ఇంక బతికే ఉన్నదా? పాత సామాన్ల గుజిరీల గూడ తీస్కోరు."

"డబ్బా మంచిగనే ఉన్నది. గీ డిస్కే ఆడ్తలేదు."

అతను పెట్టె తిప్పి చూశాడు. "గిది జపాన్‌ది. మన దిక్కు నంబరు వేరే. ఆడ కొన్నది ఈడ సూడొద్దని కంపెనోల్లు తాళమేస్తరు."

"కొన్నది నేను. ఏడ సూడాల్నో చెప్పనీకి ఆల్లెవరు?"

"రూల్ అక్కా."

"తాళం ఉన్నదంటె చెవి ఉంటది. తియ్యి."

భిక్షపతి సొరుగులో అడుగునుంచి ఒక పాత నోటుబుక్కు తీశాడు. డిస్కు పెట్టే పళ్లెం బయటికి తెరిచి, నోటుబుక్కు చూస్తూ రిమోట్ మీద అంకెలు నొక్కాడు. రెండుసార్లు తప్పాయి. మూడోసారి కొట్టులోని చిన్న టీవీలో మంచు పడింది.

"బంద్ చెయ్," అంది తిరుపతమ్మ గబుక్కున. "ముందుగాల అమ్మ సూడాలె."

మూడింటికి కింది గదిలో సినిమా మొదలైంది. శేషారత్నం తల కింద రెండు దిండ్లు పెట్టి, మంచం పక్కన తను కింద కూర్చుంది. ముసలావిడ చేయి ఆమె భుజం మీద ఉంది. తెర మీద చేపలమ్మ పొయ్యి రాజేసింది, చేప కడిగింది, ఉప్పు రాసింది. మధ్యమధ్య తలుపు వైపు చూస్తోంది.

"మొగని కోసం సూస్తున్నది," అంది తిరుపతమ్మ.

"చూసేది మంచుని. వండుకునేది తన కోసం."

"ఒక్క పానానికి గంత పొయ్యి ముట్టిస్తదా ఎవరన్న?"

"నువ్వు ముట్టించవు. అది ముట్టిస్తుంది."

ఇన్నేళ్లలో తన కోసమని తిరుపతమ్మ ఏనాడూ పొయ్యి వెలిగించలేదు. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిందే ఆమె అన్నం. "సూద్దాం ఎవరు గెలుస్తరో," అంది. భుజం మీది వేళ్లు ఒకసారి నొక్కాయి.

సినిమా చివరికొస్తుండగా చేపలమ్మ చేపను పెనం మీద వేసింది. చేప తిరగేసే చోట శేషారత్నం ఏదో ఒకటి అంటుందని తిరుపతమ్మ ఎదురుచూసింది. అనలేదు. భుజం మీది చేయి బరువెక్కి, నెమ్మదిగా జారి మంచం పట్టె మీద పడింది. తిరుపతమ్మ తిరిగి చూసింది. ముక్కు దగ్గర చేయి పెట్టింది. రెప్పలు సగం తెరిచే ఉన్నాయి. వాటిని ముయ్యలేదు.

"ఉదయమ్మా," అని పిలిచింది.

కోడలు ఉదయలక్ష్మి పరుగున వచ్చింది. ఏడుపు మొదలైంది. సింధు గుమ్మంలోనే కూలబడింది. ఏడుస్తూనే ఉదయలక్ష్మి రిమోట్ కోసం చేయి చాపింది. "ఇంకా ఆ టీవీ ఏంటి తిరుపతమ్మా, కట్టెయ్!"

తిరుపతమ్మ రిమోట్‌ను ఒడిలోకి లాక్కుంది. "కట్టను. ఇంక జరంతనే ఉన్నది. పంచాయితి తేలలే."

ఆ ముఖం చూసి ఉదయలక్ష్మి చేయి వెనక్కి తీసుకుంది. అత్తగారి పాదాల దగ్గర కూర్చుంది. ఫోన్ మోగింది. మురళీకృష్ణ.

"వ్యాన్ మీ గేటు ముందుంది. విమానం నీకోసం ఆగుతుందా అమ్మా?"

"విమానం ఆగది. నేనెక్కకపోతె నలభై మంది అన్నం ఆగుతది. ఇరవై నిమిషాలు సార్."

తెర మీద చేపలమ్మ లేచి తలుపు గడియ వేసింది. ఒక్క పళ్లెం తీసింది. అన్నం, చేప వడ్డించుకుని, కిటికీ వైపు తిరిగి కూర్చుని, ముల్లు తీసుకుంటూ తొందర లేకుండా తిన్నది. ఎవరూ రాలేదు. చివరి ముక్క నోట్లో పెట్టుకుని కొద్దిగా నవ్వింది.

"నువ్వే గెలిచినవమ్మా," అంది తిరుపతమ్మ. అప్పుడు రెప్పలు మూసింది.

కొంగు ముడిలోంచి ప్లాస్టర్ తీసి, నేల మీద వంగి రాసింది. వ్యాన్ హారన్ మోగుతుంటే మిద్దె మీద మిగిలిన డబ్బాలు సర్దుకుని దిగింది. వాటితో పాటు తన చేతిసంచిలో ఒక చిన్న పళ్లెం, ఒకరికి సరిపడే గిన్నె పెట్టుకుంది. వెళ్లేముందు ఉదయలక్ష్మి భుజం మీద చేయి వేసి ఒక్క క్షణం నిలబడింది.

బంధువులు వచ్చేసరికి శేషారత్నం తలగడ పక్కన, మందుల కవర్లకు ఆనుకుని ఆ డిస్కు పెట్టె ఉంది. దాని మీద ఒత్తు కిందికి జారిపోయిన చేతిరాతలో: తన కోసం వండుకున్నామె.