ఓనరు అనకు, బాబాయ్ అను

ఆయన్ని ఓనరు అంటే ఒళ్ళు మండిపోతుంది. తండ్రి కట్టించిన మూడంతస్తుల ఇల్లు, అందులో ఆరు వాటాలు, ఒకటో తారీకు పొద్దున్నే ఆరు తలుపులూ తట్టే ఓపిక, అన్నీ ఉన్నాయి గానీ ఆ ఒక్క మాట మాత్రం పడదు మహానుభావుడికి. కింది వాటాలో దిగిన టైలరమ్మ మొదటిరోజు తెలియక "ఓనరుగారూ" అంది. ఆయన చెవులు మూసుకున్నంత పని చేశాడు.

"ఛఛ, ఓనరేంటమ్మా, పరాయివాళ్ళలా! బాబాయ్ అను. ఇది నీ ఇల్లే అనుకో."

అనుకుంది, పిచ్చిది. అనుకున్నాక తెలిసొచ్చింది బాబాయ్ అంటే ఏమిటో. బాబాయ్ తలుపు కొట్టకుండానే లోపలికి వస్తాడు. పిన్నికి జాకెట్లు కుట్టిపెడితే బాబాయ్‌ని కుట్టుకూలి అడగకూడదు. కుళాయి కారితే "మనింటి కుళాయి మనమే బాగుచేయించుకోవాలి" అంటాడు. మనం అంటే ఆమె అన్నమాట. అద్దె అనే మాటకి కూడా ఆ ఇంట్లో చోటు లేదు, "ఇంటి ఖర్చు" అనాలి. ఆ ఖర్చు ఒక్కరోజు ఆలస్యమైతే మాత్రం బాబాయ్ ప్రేమ ఎక్కడికో వెళ్ళి మర్నాడెప్పుడో తిరిగొచ్చేది.

నాలుగేళ్ళు అలాగే నెట్టుకొచ్చింది. ఆయనతో ఒకే ఒక్కసారి అవసరం పడింది. కూతురికి వీధి చివరి బడిలో సీటు వచ్చింది. ఫలానా ఇంట్లో అద్దెకుంటున్నారని యజమాని సంతకంతో కాగితం తెమ్మన్నారు. గడువులోగా ఇవ్వకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఆ కాగితం పట్టుకుని వారం రోజులు మెట్లెక్కి దిగింది.

"సొంతవాళ్ళ మధ్య సంతకాలేంటమ్మా? నా మనసు కష్టపెట్టకు" అంటూ కళ్ళొత్తుకునేవాడు.

అసలు సంగతేమిటంటే, అద్దెకిచ్చిన ఇంటికి పన్ను ఎక్కువ. అందుకని అయ్యవారు ఆరు వాటాల్లోనూ తమ కుటుంబమే కాపురముంటోందని ఏటా రాసిస్తున్నారు. అంత కుటుంబం రాజులకి కూడా ఉండి ఉండదు.

గడువు చివరిరోజు మధ్యాహ్నం ఆమె తన వాటా గుమ్మంలో నిలబడి ఆయన్ని మళ్ళీ బతిమాలుతుండగా, పన్నుల ఆఫీసు నుంచి ఒకావిడ ఫైలు పట్టుకుని వచ్చింది. లోపలి కుట్టుమిషను చూసింది, తాడు మీద వేలాడుతున్న జాకెట్లు చూసింది.

"ఈవిడెవరండీ?"

"మా అన్నయ్య కూతురండీ" అన్నాడాయన, తడుముకోకుండా. "అన్నయ్య పోయాడు పాపం. నేనే చేరదీశాను."

నిక్షేపంలా బతికున్న టైలరమ్మ తండ్రిని నిలబెట్టి చంపేశాడు! నిజం చెబితే రేపు సామాను వీధిలో ఉంటుంది. ఊరుకుంటే నాలుగింటికి బడి ఆఫీసు మూసేస్తారు. గోడ గడియారం అప్పుడే మూడు దాటింది. ఆఫీసరమ్మ ఫారంలో బంధువు అని రాయడానికి పెన్ను తీసింది. టైలరమ్మ ఏమైతే అయిందనుకుంది.

"మేడం, ఈ ఇల్లు మా తాతగారు కట్టించిందే కదా. మరి మా నాన్న వాటా ఏ గడిలో రాస్తారు?"

పెన్ను ఆగింది. ఆఫీసరమ్మ ఫైలు తిరగేసింది.

"అవునండీ, ఇల్లు మీకు మీ నాన్నగారి నుంచే వచ్చింది. అన్నగారి ఊసు ఇందులో లేదే? వారసురాలైతే ఈవిడ పేరు కూడా ఎక్కించాలి."

బాబాయ్ మొహాన నెత్తురుచుక్క లేదు.

"అన్నయ్యా? ఏ అన్నయ్య? మా నాన్నకి నేనొక్కణ్ణే!"

"ఇప్పుడే కదండీ, పోయాడన్నారు?"

"అసలు పుడితే కదా మేడం పోవడానికి! ఈవిడ నాకేమీ కాదు. ఏమీ అంటే ఏమీ కాదు. నాలుగేళ్ళ నుంచి అద్దెకుంటోంది. నేను ఓనర్ని!"

"ఆ ముక్కే రాసి సంతకం పెట్టండి."

పెట్టాడు. టైలరమ్మ బడి కాగితాన్ని దాని పక్కనే ఉంచి వేలితో చోటు చూపించింది. ఆఫీసరమ్మ కళ్ళెదుట కాదనడానికి ఇంకేం మిగిలింది? దాని మీదా గీకాడు.

"మిగతా ఐదు వాటాల్లో ఉన్న మీ చుట్టాల్ని కూడా ఓసారి చూద్దాం, పదండి" అంది ఆఫీసరమ్మ, మెట్లవైపు నడుస్తూ.

టైలరమ్మ చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. ఆయన ఆమె వైపు తిరిగాడు. ఈసారి కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి.

"కన్నకూతురిలా చూసుకున్నానే! ఎంత మోసం చేశావమ్మా!"

"ఇందాక నేను మీకేమీ కానన్నారు చూడండి" అందామె, కాగితం మడిచి రొమ్ముకి అదుముకుంటూ. "ఈ నాలుగేళ్ళలో మీరు నాకు చేసిన మేలు అదొక్కటే."

అని బడివైపు పరుగెత్తింది.