ఐదు మజిలీల రాయబారం

భోజనాల బల్ల మీద ఆవిడ భర్తా మరిదీ, అన్నదమ్ములిద్దరూ, మ్యాపు పరిచారు. అది చుట్టుకుపోకుండా ఒక మూల ఉప్పు డబ్బా, ఒక మూల పంచదార డబ్బా, మిగతా రెండు మూలలా ఆవిడ కొత్త గాజు గిన్నెలు పెట్టారు. వంటింట్లో ఆవిడ ఉప్పు కోసం వెతుక్కుంటోంది.

ఎగరబోయేది కంప్యూటర్లో. కొండల మధ్య గడ్డి మీదా, ఏటి ఒడ్డు ఇసుక మీదా దిగే లావు చక్రాల బుల్లి విమానం. ఐదు మజిలీల ప్రయాణం. ఈ ఆటంటే ఇద్దరికీ ముందునుంచీ పిచ్చి. కిందటి వేసవిలో అందరూ కారులో వెళ్తుంటే, దగ్గరదారంటూ మరిది బండి తిప్పాడు. అది బురదలో దిగబడి, రాత్రంతా దోమలపాలయ్యారు. “వీడి మాట విన్నవాడు బాగుపడడు” అని ఆయన తమ్ముడి అత్తమామల ముందే అనేశాడు. అప్పట్నుంచీ మాటల్లేవు. మరిది ఈ గడప తొక్కలేదు. ఆవిడే మరిదికి ఫోను చేసి, ఇద్దరికీ ఈ విమానం ఆశ చూపించి, ఇవాళ ఒకచోట చేర్చింది. ఇదీ చెడితే మరిది ఇక రాడు.

చేరారు గానీ, మాట్లాడుకుంటేగా!

“వదినా, మొదటి మజిలీకి సగం ట్యాంకు చాలని మీ ఆయనకి చెప్పు.”

మూరెడు దూరంలో ఉన్న ఆయన మ్యాపులోంచి తల ఎత్తలేదు. “దారిలో గాలివాన వస్తే నీళ్లు పోసి నడుపుతాడేమో అడుగు వాణ్ణి. నేను నిండా పోశాను.”

“గాలివాన వస్తే ఏటి ఒడ్డున దిగుతామని చెప్పు.”

“ఆ ఒడ్డు పొడవెంతో చూశాడేమో కనుక్కో. దిగాక బురద తేలకూడదుగా.”

మరిది కుర్చీ కిర్రుమంది. ఇద్దరి చెవులూ బాగానే ఉన్నాయి. అయినా ఆవిడ చెబితే తప్ప విననట్టే కూర్చుంటారు. మొదట్లో ఆవిడ మాటల్లో ముళ్లు ఏరి అందించింది. పొయ్యి మీద పాలు పొంగాక ఆ ఓపికా పోయింది.

“బురదంటున్నారయ్యా మీ అన్నయ్య!” అంది విసుగ్గా.

మరిది లేచి సంచి భుజాన వేసుకున్నాడు. “వెళ్తాను వదినా. మీ ఆయన లెక్కలు తేలాక, వచ్చే ఏడాదో పైయేడాదో కబురు పెట్టమను.”

“పొమ్మను. ఎవరు ఆపారు?” అన్నాడాయన మ్యాపుతో.

ఆవిడకి ఒళ్లు మండింది. తెర మీద విమానం పొద్దుట్నుంచీ గడ్డిలోనే నిలబడి గుర్రుమంటోంది.

“చాల్చాల్లే సంబడం! ఇంట్లో ఇద్దరు పైలట్లు, ఎగిరేవాడు ఒక్కడూ లేడు!” అంటూ తడిచేత్తోనే తెర ముందున్న వేగం పెంచే మీటని పట్టుకుని ముందుకు నెట్టేసింది.

విమానం కదిలింది. బాతులా అటూ ఇటూ ఊగుతూ పరుగెత్తింది, ఓ జానెడు లేచింది, చివరనున్న చెట్లకి తగిలి అవతల ఏట్లో పడింది. తెర నిండా నీళ్లు.

“ఏమే!”

“వదినా!”

అన్నదమ్ములు ఒకేసారి అరిచారు.

“ఎదురుగాలికి ముక్కు తిప్పకుండా ఎవరైనా లేపుతారుటే?”

“అదే కదన్నయ్యా! రెక్కల పలకలైనా దించిందా?”

“దానికి అన్నిటికీ తొందరేరా.”

“తొందరొక్కటే కాదులే. నిండా పోశావు, బరువుకి లేవలేదు.”

ఆయన గడ్డం గోక్కున్నాడు. “సగానికి కాస్త పైన పోద్దామా?”

“పోద్దాం. జరుగు.”

సంచి నేల మీదికి దిగింది.

“ఏమే, వాడికి టీ కావాలేమో కనుక్కో.”

“పక్కనే ఉన్నాడుగా, మీరే అడగండి.”

ఆవిడ మ్యాపు మీంచి ఉప్పు డబ్బా లాక్కుంది. ఆ మూల సర్రున చుట్టుకుంది. “ఏయ్ ఏయ్” అంటూ ఇద్దరూ కలిసి పట్టుకున్నారు.