రెండు చెంచాల పట్టిక

రెండు చెంచాలని తప్పుగా ఉన్నదాన్ని సగం చెంచా అనే కదా మార్చాను, ఇదే కుర్చీలో, ఇదే తెర మీద, కొత్త సిరప్ పట్టిక రెండో వరుసలో సగం చెంచా అని నా కళ్ళతో నేనే చూశాను, మరి పిల్లల వార్డు పెద్ద నర్సు ఇప్పుడు ఫోన్‌లో ఏమంది, పట్టిక మార్చేశావా అమ్మాయ్ అంటే, మార్చేశానక్కా, తెర మీద ఏముంటే అదే ఖాయం అన్నాను గొప్పగా, సరే, రెండు చెంచాలన్నమాట, పది గంటలకి అలాగే పోసేస్తాం, అని పెట్టేసింది, నా పై ప్రాణాలు పైనే పోయాయి.

నేను మార్చింది ఫోల్డర్‌లోని పట్టిక బొమ్మని, నా కంప్యూటర్ ఆ ఫోల్డర్‌లోంచే చూపిస్తుంది, ఆసుపత్రి సర్వర్లో అసలు ఫోల్డరే లేదు, పేజీలూ బొమ్మలూ అన్నీ ప్రోగ్రామ్ తయారయ్యేటప్పుడే దాని కడుపులో పెట్టి కుట్టేసింది నేనే, ఒక్క ఫైలు చాలు, ఏదీ పోదు, ఎవరూ చెరపలేరు అని మీటింగులో ఎంత డబ్బా కొట్టుకున్నాను, చిన్నప్పుడు తాళంచెవి లోపలే పెట్టి పెట్టెకి తాళం నొక్కేస్తే అమ్మ అంది, నీ తెలివి తెల్లారినట్టే ఉందే అని, బొమ్మ మార్చాక ప్రోగ్రామ్ మళ్ళీ తయారుచెయ్యాలని నాకు తెలియదా, తెలుసు, మర్చిపోయాను, వార్డు తెర మీద ఇంకా పాత బొమ్మే, గోడ మీద తొమ్మిదీ నలభై, ఆ తయారీకి, అదే బిల్డ్‌కి, నలభై నిమిషాలు, మొదలుపెట్టాను, మూడు శాతం, కిటికీ లేని గది, మేనేజర్ తలుపులోంచి తొంగిచూసి అంతా బాగుందా అన్నాడు, బాగుంది సార్ అన్నాను తేలు కుట్టిన దొంగలా.

ఏడు శాతం, ఒక అబద్ధం చెబితే, సర్వర్ ఆగిపోయింది, మందులు అరగంట ఆపండి అని, అప్పటికి కొత్తది పెట్టేస్తే, ఎవరికీ తెలియదు, కానీ ఆవిడ రెండు చెంచాలని ఈపాటికి చేత్తో రాసుకునే ఉంటుంది, మరో నర్సుకి చెప్పే ఉంటుంది, ఆ కాగితం ఏ సర్వర్ ఆగినా ఆగదు, తొమ్మిది శాతం, పట్టికలో తప్పు ఎవరు రాశారో కానీ ఆవిడ నమ్మింది పట్టికని కాదు, నన్ను, నా మాటని, తెర మీద సరిచెయ్యడానికి ఇంకా ముప్పై ఆరు నిమిషాలు, వార్డు నంబరు నొక్కుతున్నాను, ఎత్తక్కా, ఎత్తు, తప్పు నాదే, పొయ్యకండి, ఈ మాట నా నోటితోనే చెప్పాలి.