గది దాటిన మాట

"ప్రసంగం నాలుగు పేజీలు చాలు. మరీ బరువైన మాటలు వద్దు. చదివేటప్పుడు నాలుక తిరగాలి కదా," అన్నాడు భర్త అద్దం ముందు మీసం దువ్వుకుంటూ.

ఆమె అతని చొక్కా కాలరు మీది మరకను తడిబట్టతో రుద్దుతోంది. వంటింట్లో పాలు ఎప్పుడు పొంగుతాయోనని ఒక చెవి అటే పడేసి ఉంది. "ఎప్పటికి కావాలి?" అని అడిగింది. "సోమవారానికి. పైనుంచి మేడమ్ స్వయంగా వస్తున్నారు. చుట్టుపక్కల డెబ్బై బళ్ళలో మన గది లాంటివి పెట్టిస్తారట. అన్నిటికీ పర్యవేక్షకుడిగా నన్నే అనుకుంటున్నారు." 'మన గది' అన్నాడు. ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మరక మీద పడింది.

అతను ఆ ప్రాథమిక పాఠశాలకు హెడ్మాస్టరు. ఆమె అదే బడిలో మూడో తరగతి టీచరు. "మా కోడలికి ఇంట్లోనూ మావాడే పెద్ద, బడిలోనూ మావాడే పెద్ద," అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ నవ్వుతూ చెబుతుంది, అదేదో అందరికీ దొరకని భాగ్యమన్నట్టు. ఆ గది సంగతి మాత్రం మొదట్లో అత్తగారికీ పట్టలేదు, భర్తకూ పట్టలేదు. ఆరేళ్ళ కిందట అది విరిగిన బల్లలు పడేసే కొట్టు. ఒకటో తరగతి పాప ఒకతి రోజూ ఇంటి బెల్లు కొట్టగానే బల్ల కిందకి దూరి బయటికి రానని మొండికేసేది. మిగతా టీచర్లు చెయ్యి పట్టి లాగేవాళ్ళు. ఆమె కూడా బల్ల కిందకి దూరి, మోకాళ్ళు ముడుచుకుని, పాప పక్కన అరగంట ఊరికే కూర్చుంది. అరగంట తర్వాత పాప నోరు విప్పింది. ఆ మర్నాడే ఆమె కొట్టు తాళం అడిగింది. తన సెలవులన్నీ పెట్టి కౌన్సెలింగ్ శిక్షణకు వెళ్ళింది. గోడలకు సున్నం తనే వేసుకుంది. ఇంట్లోంచి పాత చాపలు తెచ్చి పరిచింది. భోజనం బెల్లుకూ మధ్యాహ్నం క్లాసుకూ మధ్య ఉన్న యాభై నిమిషాలు ఆ గదివి, మనసులో మాట చెప్పుకోవడానికి వచ్చే పిల్లలవి. ఆమె తిండి మాత్రం తరగతులు మారే సందులో, నిలబడి, నాలుగు ముద్దలు.

"పిల్లల కన్నీళ్ళు తుడవడానికి ట్రైనింగ్ ఏంటి? ఆడవాళ్ళకి పుట్టుకతో వచ్చేదే కదా," అని భర్త టీచర్ల గదిలో అందరి ముందూ అన్నాడు. "పోనీలేరా, సొంత పిల్లలు లేరు, అక్కడైనా పొద్దుపోతుంది," అని అత్తగారు ఇంట్లో అంది. రెండు మాటలూ ఆమె నవ్వుతూనే విన్నది. నవ్వడం అలవాటైన మొహం అది, దానికి లోపలున్నదానితో పని లేదు. తర్వాత గది పేరు నాలుగు చోట్ల వినపడసాగింది. అప్పుడు అతను సభల్లో దాని గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. ప్రసంగాలన్నీ ఆమే రాసేది. అతను వాటిని ముందుగా చదివేవాడు కూడా కాదు. చదివితే తాజాదనం పోతుందట. నేరుగా మైకు ముందు కాగితం విప్పి, అప్పటికప్పుడు తనకు తోచినట్టు గొంతు ఎత్తుతూ దించుతూ చదివేసేవాడు. ఈ ఆరేళ్ళలో ఆ గదిలోకి అడుగు పెట్టలేదు. చెప్పులు విప్పి చాప మీద కూర్చోవాలన్న నియమం అతనికి కుదరలేదు.

ఇంతవరకూ ఆమె ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది మూడు వారాల కిందట జరిగింది.

ఆమె తరగతిలో ఒక పాప ఉండేది. చిన్న ఒళ్ళు, ఆగని మాటలు, అందరూ పిచ్చుక అనే పిలిచేవారు. ఒకరోజు పిచ్చుక మాటలు ఆగిపోయాయి. పదిరోజులు గదిలోకి వచ్చి చాప మీద ఊరికే కూర్చుని వెళ్ళింది. ఆమె ఏమీ అడగలేదు. "తొందర లేదు. నీకు చెప్పాలనిపించినప్పుడు నీ మాటల్లో చెప్పు. ఈ గదిలో మాట ఈ గది దాటదు," అని మాత్రం అన్నది. పదకొండో రోజు పిచ్చుక బ్యాగులోంచి ఒక దిండు గలేబు తీసి చూపించింది. "అమ్మది. అమ్మ వెళ్ళిపోయింది. నాన్న అందరికీ అమ్మమ్మకి బాలేదని వెళ్ళిందని చెప్తున్నాడు. ఇంట్లో ఉంచితే నాన్న ఉతికేస్తాడు. ఉతికితే అమ్మ వాసన పోతుంది కదా టీచర్?"

ఆ సాయంత్రం ఆమె గిన్నెలు తోముతూ, మోయలేక, ఆ మాట భర్తకు చెప్పింది. పాప పేరు చెప్పలేదు. చెప్పి తీరాలని చెప్పిందా, పక్కన ఒక మనిషి ఉన్నాడనుకుని చెప్పిందా, తర్వాత ఎన్నిసార్లు తవ్వుకున్నా తేలలేదు. వారం తిరక్కుండా తల్లిదండ్రుల సమావేశంలో అతను మైకు పట్టుకుని, "మా బడిలో ఒక పాప ఉంది. రోజూ బ్యాగులో వాళ్ళమ్మ దిండు గలేబు పెట్టుకొస్తుంది. ఎందుకో తెలుసా?" అని కథలా మొదలుపెట్టాడు. తల్లి ఇల్లు విడిచి వెళ్ళిన సంగతి కూడా చెప్పాడు. అలాంటి పాపను ఈ గది ఎలా మార్చిందో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. మర్నాడు ఆటల పీరియడ్‌లో పిల్లలు బ్యాగులన్నీ వెతికారు. గలేబును ఉండచుట్టి బంతిలా తన్నుకున్నారు. ఆమె పరుగెత్తుకుని వెళ్ళేసరికి అది నీళ్ళ కుళాయి దగ్గర బురదలో ఉంది. పిచ్చుక ఏడవలేదు. ఆమె వైపు చూసి, "దాటదన్నారు," అంది. అంతే. రెండు రోజుల తర్వాత తండ్రి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా, పాప కాగితాలు తీసుకుని ఊరి చివర ఉన్న వేరే బడికి మార్పించేశాడు.

"పేరు చెప్పలేదుగా! దానికింత రాద్ధాంతం ఎందుకు?" అన్నాడు భర్త. "అయినా నాకు చెప్పింది నువ్వేగా."

ఆ రెండో మాట నిజమే. తప్పులో సగం తనది. కానీ తన సగం తనను లోపల్నుంచి కొరుక్కు తింటోంది. అతని సగం పొట్టనిండా తిని, కాళ్ళు చాపుకుని టీవీ చూస్తోంది. ఇప్పుడు డెబ్బై బళ్ళు ఈ మనిషి చేతిలోకి వెళ్తాయి. డెబ్బై గదుల్లో ఎంతమంది పిల్లలు బ్యాగులు విప్పి చూపిస్తారో, వాటిలో ఏవేవి ఇతనికి మైకు ముందు పనికొస్తాయో అని ఆమె లెక్కేసుకుంది. పద్నాలుగేళ్ళ కాపురంలో కోపం చాలాసార్లే వచ్చింది గానీ, వచ్చిన ప్రతిసారీ వంటపనిలో కరిగిపోయేది. ఈసారి కరగలేదు. చల్లగా, గట్టిగా, పనికొచ్చే వస్తువులా చేతికి తగిలింది.

ఆదివారం ఆమె ప్రసంగం రాసింది. మొదటి పేజీ ఎప్పటిలాగే శ్రద్ధగా రాసింది. అతిథులకు స్వాగతం, బడి చరిత్ర, బాల్యం మీద రెండు మంచి వాక్యాలు. పేజీ చివర ఇలా ముగించింది: 'ఈ గదిలో ఆరేళ్ళుగా నేను చేసిన పనిని ఇప్పుడు మీకు వివరంగా చెబుతాను.' దాని వెనక మూడు తెల్లకాగితాలు పెట్టి, నాలుగూ కలిపి పిన్ను కొట్టి, ఫైల్లో పెట్టి ఇచ్చింది. అతను ఫైలు అరచేతిలో తూచి, "బరువుగానే ఉందే," అని మెచ్చుకున్నాడు.

సోమవారం హాలు నిండిపోయింది. వచ్చిన అధికారిణి నడివయసు మనిషి, మాట తక్కువ, ముందున్న పుస్తకంలో ఏదో రాసుకుంటూ కూర్చుంది. అత్తగారు మొదటి వరుసలో కొత్త చీరలో ఉంది. హెడ్మాస్టరు గొంతు సవరించుకుని మొదటి పేజీ అద్భుతంగా చదివాడు. బాల్యం దగ్గర గొంతు కాస్త వణికించాడు కూడా. "ఈ గదిలో ఆరేళ్ళుగా నేను చేసిన పనిని ఇప్పుడు మీకు వివరంగా చెబుతాను," అని చదివి, ఠీవిగా పేజీ తిప్పాడు.

ఇంకో పేజీ తిప్పాడు. ఇంకొకటి. మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"అంటే... పిల్లలు వస్తారు... వచ్చి... కూర్చుంటారు," అన్నాడు. కుర్చీలు కదిలాయి. "బొమ్మలు అవీ వేస్తారు. మేం మంచి మాటలు చెబుతాం."

అధికారిణి తల ఎత్తింది. "మంచి మాటలంటే? నోరు విప్పని పిల్లలతో మీరెలా మొదలుపెడతారు?"

"అది... కొంచెం గట్టిగా అడుగుతాం మేడమ్."

"గట్టిగానా?" అధికారిణి కలం ఆగింది. "పోనీ, పిల్లలు చెప్పిన విషయాలు బయటికి పోకుండా ఏం జాగ్రత్త తీసుకుంటారు?"

హాలంతా వెతికి, చివర గోడ పక్కన నిలబడ్డ భార్యను పట్టుకున్నాయి అతని కళ్ళు. ఆ చూపు ఆమెకు బాగా తెలుసు. తువ్వాలు ఎక్కడ, తాళాలు ఎక్కడ, నా ఫైలు ఎక్కడ అని అడిగే చూపు. పద్నాలుగేళ్ళుగా ఆ చూపు పడిన ప్రతిసారీ ఆమె కాళ్ళు వాటంతటవే కదిలేవి. ఇవాళ కదలలేదు. హాలు చివరి నుంచి, పిల్లలతో మాట్లాడే గొంతుతోనే, అందరికీ వినపడేలా అంది:

"తొందర లేదు సార్. మీకు చెప్పాలనిపించినప్పుడు మీ మాటల్లో చెప్పండి."

మూడో వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. అతను తెల్లమొహం వేసుకుని మైకు ముందు నిలబడ్డంతసేపూ ఆమె మనసారా చూసింది. జాలి వస్తుందేమోనని లోపల వెతికి చూసుకుంది. రాలేదు.

అధికారిణి పుస్తకం మూసి, ఆమె వైపు తిరిగింది. "గది చూపిస్తారా?"

చెప్పులు గుమ్మం దగ్గర విప్పి వచ్చి అధికారిణి చాప మీద కూర్చుంది. ఆమె గంటసేపు చెప్పింది. ఎవరి కథా చెప్పలేదు, పని ఎలా చేస్తుందో మాత్రం చెప్పింది. చివర, దాచుకోకుండా, "ఒక పాప మాటను నేనే గది దాటించాను. ఆ పాప ఈ బడి వదిలి వెళ్ళింది. మీరు రాసుకునేటప్పుడు అది కూడా రాసుకోండి," అంది.

అధికారిణి పుస్తకం తెరిచి అది రాసుకుని, "ఆ పర్యవేక్షణ పని మీరు చేస్తారా?" అని అడిగింది.

"చేస్తాను," అంది ఆమె. మావారిని అడిగి చెబుతానని అనలేదు.

ఇంట్లో అత్తగారు గుమ్మంలోనే అందుకుంది. "కట్టుకున్నవాణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేసి ఏం బావుకున్నావే?" భర్త చొక్కా కూడా విప్పకుండా కుర్చీలో కూలబడి ఉన్నాడు. "ఇంత పగ ఎప్పట్నుంచి పెట్టుకున్నావు? ఒక్క మాట నాతో చెప్పుకుంటే పోయేది కదా," అన్నాడు. "మీకు చెప్పుకుంటే ఏమవుతుందో చూశాను కదండీ," అని ఆమె లోపలికి వెళ్ళింది. ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

ఆమెను పర్యవేక్షకురాలిగా వేస్తూ కొత్త ఉత్తర్వు నెల రోజుల్లో వచ్చింది. ఆ ఉత్తర్వు ప్రకారం ప్రతి హెడ్మాస్టరూ తన బడిలోని గది గురించి స్వయంగా రాసి ఆమెకు నివేదిక పంపాలి. అతను పంపిన మొదటిదాన్ని ఆమె, 'వివరాలు చాలవు, మళ్ళీ రాయండి' అని ఎర్రసిరాతో తిప్పి పంపింది. రెండోదాన్ని కూడా.

కొత్తగా పెట్టే గదుల్లో మొదటి గదిని ఆమె ఊరి చివరి బడిలో తెరిచింది. మూడో రోజు మధ్యాహ్నం పిచ్చుక గుమ్మం దగ్గరకు వచ్చి ఆగిపోయింది. చెప్పులు విప్పలేదు. గుమ్మం బయటే నిలబడి ఆమెను ఎగాదిగా చూసింది.

"ఇక్కడ చెప్పింది మళ్ళీ ఇంట్లో సార్‌కి చెప్తారా?"

"చెప్పను."

"అప్పుడూ అలాగే అన్నారు."

"అన్నాను. మాట తప్పాను. తప్పు నాదే," అంది ఆమె. ఇంకేం చెబితే ఈ పాప నమ్ముతుంది? నమ్మమని అడిగే హక్కు తనకు లేదు. చాప మీంచి లేవకుండానే గుమ్మం దాకా జరిగి, పాప కళ్ళకు సమానంగా తల ఎత్తి, ఇంతవరకూ కన్నతల్లికి కూడా చెప్పని మాటను ఆ పాపకు చెప్పింది.

"ఆ సార్ ఉన్న ఇంట్లో నేనిప్పుడు ఉండటం లేదు."