అరువిచ్చిన అత్త

మేనేజరుగారు భార్యాసమేతంగా టీకి వస్తున్నారని తెలిసిన రోజు, ఇంట్లో సోఫా మీది ప్లాస్టిక్ కవరు తీశారు. ఆ సోఫా ఆకుపచ్చదని పిడుగుకి అప్పుడే తెలిసింది. ఎనిమిదేళ్లొచ్చినా ఆ పిల్ల ఇంతవరకూ దాని మీద జారడమే తప్ప కుదురుగా కూర్చున్నది లేదు.

షోకేసులోంచి పూల కప్పులు కిందికి దిగాయి. ఒకదాంట్లో సాలీడు చచ్చిపడి ఉంది. ఆ కప్పుని వాడుకున్న మొదటి ప్రాణి అదే. బాత్రూంలో కొత్త తువ్వాలు వేలాడదీసి, దానికి చేతులు తుడిచినవాళ్ల చేతులు విరగ్గొడతానని అమ్మ అందరికీ మర్యాదగా చెప్పింది.

ఇదంతా ఒక కుర్చీ కోసం. నాన్న ఆఫీసులో మామూలు గుమాస్తాల కుర్చీలకి ఆనుకునే చెక్క సగం వీపు దాకానే ఉంటుంది. సెక్షన్ పెద్ద కుర్చీకి తల దాకా ఉంటుంది. నాన్న తల ఏళ్ల తరబడి గాల్లోనే ఉంది. ఇప్పుడా పెద్ద కుర్చీ ఖాళీ అయింది. అందులో ఎవరు కూర్చోవాలో మేనేజరుగారు చెప్తారు. మేనేజరుగారు ఏం చెప్పాలో మేనేజరమ్మ చెప్తుంది.

వంటింట్లో అత్త ఉంది. నాన్నకి సొంత అక్క. ఒకప్పుడు బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకి కాజాలు కుట్టేది. నాన్న డిగ్రీ ఆ కాజాల్లోంచి దూరే బయటపడింది. తమ్ముడి చదువయ్యేసరికి అత్తకి పెళ్లీడు దాటింది, కళ్లు మసకబారాయి, ఫ్యాక్టరీ మూతబడింది. "ఇక నువ్వు కష్టపడింది చాలక్కా, మా ఇంటికొచ్చి హాయిగా ఉండు" అన్నాడు నాన్న. అప్పట్నుంచీ అత్త అందరికంటే ముందు లేచి హాయిగా ఉంటోంది.

పిడుగు అత్త పక్కనే పడుకునేది. జడ అత్తే వేసేది, క్లిప్పు పళ్ల మధ్య పట్టుకుని, ఏదో కూనిరాగం తీస్తూ. బూటు లేసు మాటిమాటికీ ఊడిపోతుందని ముడి మీద ముడి వేసి, "ఇంక దేవుడు దిగొచ్చినా ఇది ఊడదు" అనేది. ఇద్దరి ముక్కులూ ఒకటే, చివర కాస్త నొక్కినట్టు. "మన ముక్కు ఏ కాజాలోనైనా దూరుతుందే పిడుగా" అని అత్త ఆ ముక్కు పట్టి ఊపేది.

మేనేజరమ్మ వచ్చి ఆకుపచ్చ సోఫాలో కూర్చుంది. మేనేజరుగారు ఆవిడ పక్కన మిగిలిన చోట్లో సర్దుకున్నారు. అత్త ట్రే పట్టుకొచ్చి, కప్పులు పెట్టి, లోపలికెళ్లింది.

"మీ పనిమనిషి భలే శుభ్రంగా ఉందండీ. ఎక్కడ పట్టారు?" అంది మేనేజరమ్మ.

అమ్మ నాన్నని చూసింది. నాన్న తన టీ కప్పులోకి చూశాడు. సాలీడు కప్పు ఆయనకే వచ్చింది.

"ఎప్పట్నుంచో మా దగ్గరే ఉంటోందండీ. ఇంట్లో మనిషిలాగే చూసుకుంటాం" అంది అమ్మ.

"ఆవిడ పనిమని..." అని పిడుగు మొదలుపెట్టేసరికి అమ్మ దాని నోట్లో బిస్కెట్టు పెట్టేసింది. మధ్యలో క్రీమున్న బిస్కెట్టు, ఆ ఇంట్లో పిల్లలకి ఎప్పుడూ పెట్టనిది. పిడుగు నమిలింది. నమిలే కొద్దీ చెప్పాలనుకున్న మాట లోపలికి వెళ్లిపోయింది.

వాళ్లు వెళ్లాక నాన్న వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగాడు.

"ఏమనుకోకక్కా. ఆవిడ అనేసింది. కాదంటే పాపం ఆవిడ చిన్నబుచ్చుకుంటుంది."

"నిజమేరా. ఇంటికొచ్చినవాళ్లని చిన్నబుచ్చకూడదు" అంది అత్త, కప్పులు కడుగుతూ.

రెండు రోజులకి మేనేజరమ్మ ఫోను చేసింది. వాళ్ల ఆయా చెప్పాపెట్టకుండా మానేసిందట. మీదాన్ని ఒక్క వారం పంపించండి, మేమూ ఇంట్లో మనిషిలాగే చూసుకుంటాం అంది. అమ్మ ఫోను పట్టుకుని లేచి నిలబడి మాట్లాడింది. పెట్టేశాక కూడా కాసేపు నిలబడే ఉంది.

"వారమే కదక్కా. చుట్టపుచూపుగా వెళ్లొచ్చినట్టు" అన్నాడు నాన్న.

"చుట్టపుచూపుగా వెళ్తే గిన్నెలు తోమిస్తారట్రా?"

"ఇక్కడ తోమట్లేదా ఏంటి?"

అనేశాక నాన్నకే అది ఎక్కడో గుచ్చుకుంది. కానీ తీసేసుకోలేదు. ఒక మాట తీసేసుకోవడం మొదలెడితే ఎంత దాకా తీసుకోవాల్సొస్తుందో ఆయనకి తెలుసు.

అత్త చేతిసంచీలో రెండు జతల బట్టలు పెట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగింది.

"ఏరా, నేనెవర్నని చెప్పను వాళ్లకి?"

"ఎవరూ అడగరులేక్కా" అన్నాడు నాన్న, ధైర్యం చెప్తున్నట్టు.

అత్త వెళ్లిన సాయంత్రం మేనేజరుగారి ఇంటి నుంచి కేకు వచ్చింది. పైన చెర్రీలున్నాయి. అందరూ తిన్నారు. కేకు బాగుంది. పిడుగు ఒక ముక్క అత్త కోసమని గిన్నెలో మూతపెట్టి ఫ్రిజ్‌లో దాచింది. వారం తర్వాత అమ్మ ఆ మూత తీసి, లోపల మొలిచిన బూజు చూసి, గిన్నెతో సహా బయట పారేసింది. గిన్నె కడిగేవాళ్లు లేరుగా.

వారం దాటింది. ఇంకో వారం అన్నారు. అమ్మ వేసిన జడ బడికి వెళ్లేలోపే విడిపోయేది. రాత్రి పక్కన దిండు తప్ప ఏమీ లేదు.

"అత్తని తెచ్చేద్దాం. వెళ్లి చెప్పేద్దాం, పనిమనిషి కాదు, మా అత్త అని" అంది పిడుగు.

"చెప్తే మీ నాన్న కుర్చీ పోతుంది."

"ఇప్పుడు కూర్చునే కుర్చీ కూడానా?"

"ఏమో, అదీ పోవచ్చు" అంది అమ్మ. పిల్లల్ని భయపెట్టాలంటే అబద్ధం పెద్దదే ఆడాలి.

ఆదివారం రమ్మని మేనేజరమ్మే పిలిచింది, వాళ్లమ్మాయి బేబీకి ఆడుకోడానికి ఎవరూ లేరట. శనివారం సాయంత్రం అమ్మ పిడుగుని హాల్లో నిలబెట్టి రిహార్సలు పెట్టింది.

"అక్కడ అత్తా అని పిలిచావంటే నాలిక కోస్తా."

"మరేమని పిలవను?"

"అసలు పిలవకు. ఏదైనా కావాలంటే 'ఇదిగో' అను. ఏదీ, నేనే అత్తననుకో. మంచినీళ్లడుగు."

"అమ్మా, కొంచెం మంచినీళ్లిస్తావా?"

"నీ మొహం. అడుక్కుంటున్నావా? నవ్వకు. మొహంలోకి చూడకు, గోడని చూస్తూ చెప్పు."

"గోడకి చెప్తే వినపడుతుందా?"

"వాళ్లకి వినపడుతుంది."

పిడుగు గోడని చూసింది. "ఇదిగో, మంచినీళ్లు."

అమ్మ నిజంగానే వెళ్లి తెచ్చిచ్చింది. పిడుగుకి ఆశ్చర్యమేసింది. ఇన్నాళ్లూ బతిమాలి, ఏడ్చి, కాళ్లు నేలకేసి కొట్టి సాధించుకున్న పనులన్నీ ఒక్క 'ఇదిగో'తో అయిపోతాయని ఎవరూ చెప్పలేదు. ఆ సాయంత్రం దువ్వెన, దిండు, బొమ్మ, మళ్లీ మంచినీళ్లు, అన్నీ తెప్పించుకుంది. "బాగా పట్టేశావే" అని అమ్మ మెచ్చుకుంది, ఆయాసపడుతూ.

కానీ పిడుగు కడుపులో వేరే ఆలోచన ఉంది. బేబీతో నిజం చెప్పేస్తుంది. పిల్లలకి చెప్తే కుర్చీలు పోవు. అత్త చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చేసుకుంటుంది. ఆదివారం పొద్దున అందుకే, అత్తే వేస్తుందిలెమ్మని, జడ వేయించుకోకుండా వచ్చింది.

మేనేజరుగారి ఇంట్లో బూట్లు విప్పక్కర్లేదట, పైగా ఇంటి లోపలే మెట్లున్నాయి. పిడుగుకి తెలిసి మెట్లెక్కితే వేరేవాళ్ల ఇల్లు రావాలి. ఇక్కడ మెట్లెక్కినా వాళ్లిల్లే వచ్చింది. కింద అమ్మా నాన్నా సోఫా అంచున కూర్చున్నారు. దానికి ప్లాస్టిక్ కవరు లేదు. అయినా జారిపోతామేమోనన్నట్టే కూర్చున్నారు.

పైగదిలో పెద్ద అద్దం ముందు పొట్టి స్టూలు మీద బేబీ ఉంది. వెనక నేల మీద అత్త. క్లిప్పు పళ్ల మధ్య పట్టుకుని, అదే కూనిరాగం తీస్తూ, బేబీకి జడ వేస్తోంది.

పిడుగుని చూసి అత్త మొహం విచ్చుకుంది. క్లిప్పు కింద పడింది.

"నీకు జడ ఎవరూ వెయ్యలేదా?" అంది బేబీ పిడుగుతో. "నాకు మా ఆయా వేస్తుంది. చాలా బాగా వేస్తుంది."

"మీ ఆయా ఏం కాదు."

"మరి?"

అత్త చేతులు ఆగిపోయాయి. జడ మూడు పాయలుగా వేళ్ల మధ్య ఉండిపోయింది. అత్త అద్దంలోంచి పిడుగునే చూస్తోంది. చెప్పమనలేదు, వద్దనలేదు.

పిడుగు నోరు తెరిచింది. అప్పుడే బేబీ అద్దంలోకి వేలు చూపించి కిలకిలా నవ్వింది.

"అయ్యో, మీ ఇద్దరి ముక్కూ చూడు! ఒక్కలాగే ఉంది! నువ్వు మా ఆయా ముక్కు పెట్టుకొచ్చావు!"

పిడుగు చూసింది. అద్దంలో ముగ్గురున్నారు. ఒకరు స్టూలు మీద, ఒకరు నేల మీద. నేల మీద కూర్చున్న మనిషి బట్టలు వెలిసిపోయాయి, చేతుల మీద సబ్బు తెల్లగా ఎండిపోయి ఉంది, మెడ దగ్గర గుండీ ఊడి పిన్నీసు పెట్టి ఉంది. మధ్యలో నిలబడ్డ పిల్లకి ఆ మనిషి ముక్కే ఉంది. ఆ పిల్ల ఎటువైపో అద్దం చూసి చెప్పడం కష్టం.

పిడుగు ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మా పనిమనిషి. మాది. మేమే మీకిచ్చాం" అంది.

"అబద్ధం. మీదైతే నీ మాట వినాలిగా. ఏదీ, చెప్పు."

పిడుగు గోడని చూసింది. "ఇదిగో, మంచినీళ్లు."

అత్త జడ పూర్తిచేసింది. రబ్బరుబ్యాండు వేసింది. మోకాలి మీద చెయ్యి ఆన్చి లేచి, మెట్లు దిగి, మెట్లెక్కి, గ్లాసు తెచ్చిచ్చింది. పిడుగుకి దాహం లేదు. అయినా మొత్తం తాగింది.

"ఇంకోటి, ఇంకోటి!" అంది బేబీ. ఎంత ఖరీదైన బొమ్మతోనూ ఆ పిల్ల అంత సరదాపడి ఉండదు.

పిడుగు కాలు ముందుకి చాపింది. లేసు ఊడి ఉంది.

"ఇదిగో."

అత్త కూర్చుంది. పాదం ఒళ్లో పెట్టుకుని లేసు లాగి ముడి వేసింది. దాని మీద ఇంకో ముడి వేసింది. దేవుడి ఊసు ఎత్తలేదు.

"బిగుతుగా ఉందామ్మా?" అంది. పిడుగుతో ఇన్నేళ్లలో అత్త 'ఏమే' అనకుండా మాట్లాడింది అదే మొదటిసారి.

"సరిపోయింది" అంది పిడుగు, గోడతో.

ఎండ తగ్గాక అందరూ కింద హాల్లో చేరారు. మేనేజరుగారు నాన్న భుజం తట్టి, రేపట్నుంచి పెద్ద కుర్చీలో కూర్చోమన్నారు. నాన్న లేచి నిలబడి, కూర్చుని, మళ్లీ లేచాడు. మేనేజరమ్మ ఆ సంతోషం చల్లారకముందే అసలు మాట ఎత్తింది.

"ఈమెని మాకే వదిలెయ్యండి. బేబీకి బాగా అలవాటైపోయింది."

"దానికేముందండీ, మీది కాదా" అన్నాడు నాన్న. ఆఫీసులో పెన్ను అడిగినా ఆయన ఇలాగే అంటాడు.

"ఆమెని కూడా ఓ మాట అడగాలి కదండీ, మేం అలాంటివాళ్లం కాదు" అని మేనేజరమ్మ అత్త వైపు తిరిగింది. "ఏం, వీళ్లతో వెళ్తావా, ఇక్కడే ఉంటావా?"

గుమ్మం పక్కన నిలబడ్డ అత్త తమ్ముణ్ణి చూసింది. నాన్న సీలింగు ఫ్యానుని చూస్తున్నాడు. మరదల్ని చూసింది. అమ్మ కర్టెను బట్ట వేళ్లతో పట్టి చూస్తోంది. చివరికి పిడుగుని చూసింది. పిడుగు ముక్కుని అరచేత్తో మూసుకుని గోడని చూస్తోంది.

"ఇక్కడే ఉంటానమ్మా" అంది అత్త. "ఇక్కడైతే నేనెవరో అందరికీ తెలుసు."

"చూశారా, ఎంత విశ్వాసమో!" అని మేనేజరమ్మ మురిసిపోయింది.

బస్సులో నాన్న కిటికీ పక్కన కూర్చుని తల వెనక్కి ఆన్చి చూసుకున్నాడు. పెద్ద కుర్చీకి ముందాయన ప్లాస్టిక్ కవరు తియ్యనే లేదట, తను కూడా తియ్యనన్నాడు.

"ఇన్నేళ్లు పెట్టి పోషించామా, నాలుగు రోజులు మెట్లిల్లు చూసేసరికి మనం కంటికి ఆనలేదు మీ అక్కకి" అంది అమ్మ. "రక్తసంబంధం లేదు, ఏమీ లేదు. కొందరు అంతే."

"పోనీలే. ఎక్కడున్నా హాయిగా ఉండాలి" అన్నాడు నాన్న.

ఇంటికొచ్చాక పిడుగు సోఫాలో కూర్చుంది. కవరు ఎప్పుడో మళ్లీ తొడిగేశారు. అయినా ఈసారి జారలేదు. కాలు ముందుకి చాపి, ఎదురుగా ఉన్న గోడని చూసింది.

"ఇదిగో."

అమ్మ చేతిలో సంచీ పక్కన పెట్టి, గబుక్కున నేల మీద కూర్చుని, బూటు పట్టుకుంది. లేసు కొస లాగడం మొదలెట్టాక గానీ తనెక్కడ కూర్చుందో ఆవిడకి తెలియలేదు. తల ఎత్తి కూతుర్ని చూసింది. కూతురు ఆవిడని చూడట్లేదు.

ముడి మీద ముడి. ఎంత లాగినా రాలేదు.

"ఊఁ, త్వరగా" అంది పిడుగు.