తెరకు ఎడమ మూల

జ్ఞాపకాల మీద బొమ్మలు వేసేవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది. ఎవరూ అడక్కముందే తమ చిన్నతనం చెప్పేస్తారు. మూతపడ్డ ముద్రణాలయాన్ని బాగుచేసి పెట్టిన ఆ రెసిడెన్సీలో, చేరిన మొదటి రోజే, ఇంకా పెట్టెలు కూడా విప్పకుండా, నలుగురు కళాకారులు తమ నాయనమ్మలనూ కూలిపోయిన ఇళ్ళనూ తప్పిపోయిన పిల్లులనూ భోజనాల బల్ల మీద పరిచేశారు. అక్కడ మూడు నెలల పాటు ఉండటానికి గది, పని చేసుకోవడానికి హాలు, రెండు పూటలా భోజనం ఇస్తారు. ఆఖర్న ఒక రోజు తలుపులు తెరిచి, చేసిన పని జనానికి చూపించాలి. ఈ విడత ఇచ్చిన అంశం కథ, జ్ఞాపకం. అంశం అలాంటిదైతే ఎవరి నోట్లో నువ్వుగింజ నానుతుంది?

అయిదో మనిషి, బల్ల చివర కూర్చున్న చిత్రకారిణి ఒక్కతే ఏమీ చెప్పలేదు. ఆమెకు చెప్పాల్సిన పనిలేదు. ఆమె చిన్నతనం ఎప్పుడో పుస్తకాల్లో అచ్చయింది. మట్టిబొమ్మలు చేసే ఆవిడ ఆ మాటే అడిగింది.

"మీరే కదండీ, ఫొటో స్టూడియోలో మర్చిపోయిన పాప?"

చిత్రకారిణి తలూపింది. యాభై రెండేళ్ళ మనిషిని పాప అంటే నవ్వు రావాలి. ఆమెకు గర్వమే వచ్చింది.

ఆ కథ ఇది. వాళ్ళ నాన్న ఒక ఫొటో స్టూడియోలో టచింగ్ చేసేవాడు. జనం మొహాల మీది మచ్చలూ ముడతలూ నెగెటివ్ మీదే సన్నటి పెన్సిల్‌తో మాయం చేయడం ఆయన పని. ఒక శనివారం ఆయన ఏదో కార్ఖానాలో గ్రూప్ ఫొటో తీయడానికి యజమాని కెమెరా భుజానేసుకుని వెళ్ళాడు. బడి నుంచి వచ్చిన కూతురు సీనరీ తెర వెనక, చుట్టచుట్టి పడేసిన పాత తెరల మీద నిద్రపోయింది. రోజూ ఆ వేళకు తల్లి వచ్చి పిల్లను తీసుకెళ్తుంది. తీసుకెళ్ళే ఉంటుందనుకుని యజమాని ఒంటిగంటకు తాళం వేసుకుని పోయాడు. ఆ రోజు తల్లి రాలేదు. పిల్ల తండ్రి దగ్గర ఉందని ఆమె అనుకుంది, తల్లి దగ్గర ఉందని తండ్రి అనుకున్నాడు. ఎనిమిదింటికి ఆయన ఒక్కడే ఇల్లు చేరేదాకా ఇద్దరికీ తెలియలేదు. ఏడు గంటలు ఆ పిల్ల కిటికీ లేని గదిలో, పైనున్న చిన్న వెంటిలేటరు వెలుతురులో, ఆ వెలుతురూ పోయాక చీకట్లో, మెట్లూ సరస్సూ చందమామా వేసిన తెర ముందు స్టూలు మీద కూర్చుంది.

ఆ ఏడు గంటల మీద చిత్రకారిణి ఇరవై రెండేళ్ళు బతికింది. ఎక్కడికీ చేరని మెట్లు వేసింది, ఎవరూ కూర్చోని స్టూలు వేసింది. బహుమతులు వచ్చాయి. ఆమె మాట్లాడటం అయిపోగానే ముక్కూమొహం తెలియనివాళ్ళు వచ్చి వాటేసుకుని కళ్ళు తుడుచుకునేవాళ్ళు. పెళ్ళి చేసుకుని విడిపోయినప్పుడు కూడా తప్పు ఆ గదిదేనంది. అయిదో ఏటే ఒంటరితనం అలవాటైన దాన్ని, నాతో ఎవరు వేగుతారు అనేది. ఆ మాట విని మొగుడు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు, పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు.

ఈసారి ఆ గదిని బొమ్మగా కాకుండా గదిగానే కట్టాలనుకుంది. చెక్క చట్రాలు నిలబెట్టి గోడలు చేసింది. తొమ్మిదడుగుల గుడ్డకు జిగురు పట్టించి ఎదురుగా తెర కట్టింది. ఆమె పద్ధతి ఒకటుంది. పాత ఫొటోలు చూడదు, ఎవర్నీ అడగదు. బొగ్గుముక్క పట్టుకుని కళ్ళు మూసుకుంటుంది. లోపల ఏది కనబడితే అది గీస్తుంది, కనబడనిది వేయదు. అలా మెట్లు వచ్చాయి, సరస్సు వచ్చింది, చందమామ కాస్త వంకరగా వచ్చింది. తెరకు ఎడమవైపు కింది మూల మాత్రం, మూరెడు జాగా, రానంటే రాలేదు. పది రోజులు ఆ మూల ముందు కూర్చుంది. కళ్ళు మూస్తే తెల్లటి గుడ్డే కనబడేది.

ఆదివారాలు అందరికీ ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు. మట్టిబొమ్మలావిడకు మొగుడూ పిల్లలూ, శబ్దాలాయనకు స్నేహితులు. శబ్దాలాయన అంటే చెవులకు డిప్పలు తగిలించుకుని, మైకు పట్టుకుని, కుళాయి దగ్గరా మెట్ల కిందా తిరిగే మనిషి. అందరి హాళ్ళలోనూ గంటసేపు రికార్డు చేశాడు. ఈమె హాల్లో చేసి వెళ్తూ, "మీ దగ్గర ఏమీ పడలేదండీ, ఒకసారి గుడ్డ చప్పుడు, ఒకసారి మీ దగ్గు," అన్నాడు నవ్వుతూ. ఆమె కూడా నవ్వింది. ఆయన వెళ్ళాక, పొద్దుట్నుంచీ తను ఒక్క మాట కూడా మాట్లాడలేదని గుర్తొచ్చింది. నిన్న మాట్లాడానా అని ఆలోచిస్తే వంటావిడతో చాలు, చాలు అన్న రెండు మాటలే తేలాయి. ఆ రోజు ఆమెకు నిజంగా దిగులేసింది.

జనానికి చూపించే రోజుకు ఇంకా ఆరు రోజులుంది. మూల ఖాళీగానే ఉంది. పద్ధతి తప్పి ఎవర్నైనా అడుగుదామన్నా, ఇంట్లో ఆ తెర చూసినవాళ్ళలో బతికున్నది అక్క ఒక్కతే. అమ్మ చిత్రకారిణికి ఏడేళ్ళప్పుడే పోయింది. నాన్న ఆ రోజు మాటెత్తితే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు, ఆయనా పోయాడు. అక్క నాలుగేళ్ళు పెద్ద, కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్ష చేసే ఉద్యోగం చేసి మానేసింది. పదకొండు నెలలుగా మాటల్లేవు. గొడవేం కాదు. గొడవ పడాలన్నా ముందు నాలుగు మాటలుండాలి కదా.

మధ్యాహ్నం మూడింటికి ఫోన్ చేసింది. ఒంట్లో ఎలా ఉంది, తిన్నావా అన్నవి అయ్యాక, స్టూడియోలో సీనరీ తెర గుర్తుందా, ఎడమ పక్క కింద ఏముండేది అని అడిగింది.  అక్క మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. సగమే వేసి వదిలేసిన పూలకుండీ ఉండేదట. తెర వేసినాయన దాని పక్కన కుంచె తుడుచుకున్నాడట, పొట్టి పొట్టి గీతలు, ముప్ఫై ఏడు, పచ్చవి ఎక్కువ, ఎర్రవి నాలుగే.

"అన్ని లెక్కపెట్టుకుంటూ అక్కడ ఎప్పుడు కూర్చున్నావక్కా?" అంది చెల్లెలు వేళాకోళంగా.

"ఆ రోజే."

"ఏ రోజు?"

"చిట్టీ, ఆ గదిలో నువ్వు లేవు. నేనున్నాను."

అక్క గొంతు పెంచలేదు. చూపు పరీక్షలో అక్షరాలు చదివించినంత నిదానంగా చెప్పింది. ఆ శనివారం పొద్దుట్నుంచీ చిట్టికి ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఎక్కడ ఫిట్స్ వస్తాయోనని అమ్మ నుదుటి మీద తడిగుడ్డ వేసి ఒళ్ళో పెట్టుకుంది, రాత్రిదాకా దించలేదు. అందుకే స్టూడియోకు రాలేదు. పెద్దది తండ్రి దగ్గరుందని అనుకుందో, అసలు అనుకోనే లేదో ఎవరికి తెలుసు అంది అక్క. ఆ తర్వాత అక్కకు నిద్ర పట్టేది కాదు. దుప్పటి కింద చెల్లెలికి ఆ రోజంతా కథగా చెప్పేది. భయం వేయకుండా చందమామ చేత మాట్లాడించేది. అమ్మ పోయాక రోజూ చెప్పేది.

"మధ్యలో నువ్వు, నేనూ వస్తానక్కా అనేదానివి. సరే రా అనేదాన్ని. నాకూ తోడున్నట్టు ఉండేది. కొన్నాళ్ళకి నువ్వే చెప్పడం మొదలుపెట్టావు. నువ్వు చెప్పేదాంట్లో నేను లేను."

 చెల్లెలు ముందు అడిగిందేమిటంటే, మరి ఆ మూల సంగతేంటని. చేసే పని బుద్ధి ఎక్కడికి పోతుంది!

"అది నీకు చెప్పలేదు. అందుకే నీకు గుర్తులేదు," అంది అక్క. సాయంత్రమయ్యేసరికి ఆపుకోలేకపోయిందట. తొమ్మిదేళ్ళ పిల్ల, సిగ్గు తెలిసిన పిల్ల, నేలంతా తెర ఎడమ అంచుతో తుడిచింది. రంగు కారి అక్కడ పెద్ద మరకైంది. పైనుంచి వాన నీళ్ళు దిగాయని యజమాని అనుకున్నాడు. ఇన్నేళ్ళూ అక్క ఆ ఒక్క సంగతి ఎవరికీ చెప్పలేదు.

మొదటి ప్రదర్శనకు వచ్చావు కదా, గోడ మీద రాసింది చదివావు కదా, అప్పుడే ఎందుకు అడగలేదంది చెల్లెలు. ఆ రోజు అక్క చదివి, బస్సుకు టైమైందని వెళ్ళిపోయింది.

"మొదట్లో హాయిగానే ఉండింది. పోనీలే, నా బరువు ఎవరో మోసుకుపోయారు అనుకున్నాను. తర్వాత నీ బొమ్మలు చూడ్డానికి వచ్చినవాళ్ళంతా నిన్ను దగ్గరికి తీసుకుని ఓదారుస్తుంటే చూశాను. నన్నెవరూ ఓదార్చలేదు చిట్టీ. తాళం తీశాక అమ్మ కూడా, ఎక్కడ దాక్కున్నావే అని కొట్టింది."

ఫోన్ పెట్టేశాక చిత్రకారిణికి ముందు కోపం వచ్చింది. అక్కకు కుళ్ళు, తన పేరు చూసి ఓర్వలేక అంటోంది అనుకుంది. ఆ అనుకోవడం పట్టుమని పది నిమిషాలు నిలబడలేదు. అక్క ఇంట్లో ఏ గదికీ గడియ ఉండదు. స్నానాల గది తలుపు కూడా ఓరగా వేసి, ఎవరూ రాకుండా పెద్దగా పాడుకుంటూ పోసుకుంటుంది. అదో చాదస్తమని ఈమె చుట్టాలందరి ముందూ వెక్కిరించేది. ఏడు గంటలు తాళం వెనక మగ్గానని ఊరూరా చెప్పుకునే ఈమె మాత్రం ఏ హోటల్ గదిలోనైనా గొళ్ళెం వేసుకుని హాయిగా నిద్రపోతుంది. ఇప్పుడు కూర్చున్నదీ లోపల గడియ వేసుకున్న హాల్లోనే. ఆ సంగతి తోచాక ఇంక బుకాయించుకోవడం కుదరలేదు.

మింగలేక కక్కలేక ఆ రోజు గడిపింది. ఇరవై రెండేళ్ళ పని పోతుందన్న భయం చిన్నది కాదు. కానీ మర్నాడు అంతకంటే పెద్దది వచ్చి పడింది. అమ్మ గురించి తనకు ఒక్క జ్ఞాపకం కూడా లేదని ఆమె జీవితమంతా చెప్పుకుంది. ఆ మాట నిజమే. అలాంటిది, పొద్దుట్నుంచి రాత్రిదాకా ఒక రోజంతా అమ్మ తనను ఒళ్ళోంచి దించలేదట. అక్క గది తన గదనుకుని లోపలికి దూరి, తనకున్న ఆ ఒక్క రోజునూ బయట వదిలేసి వచ్చింది. ఆ రోజు కావాలి ఆమెకు. ఇంకేమీ అక్కర్లేదు.

కొత్త కాగితాలు గోడకు అంటించి, బొగ్గుముక్క పట్టుకుని కళ్ళు మూసుకుంది. చీర రంగు గానీ, చేతి వేళ్ళు గానీ, తడిగుడ్డ చల్లదనం గానీ వస్తుందేమోనని చూసింది. మెట్లు వచ్చాయి. చందమామ వచ్చింది. పిలవని పేరంటానికి వచ్చినట్టు అదే స్టూలు మళ్ళీ మళ్ళీ వచ్చింది. రెండు రోజులు అన్నం దగ్గరికి కూడా వెళ్ళకుండా ప్రయత్నించింది. వంటావిడ తలుపు కొట్టి, పళ్ళెం గుమ్మంలో పెట్టి వెళ్ళింది. కాగితాల మీద అమ్మది ఒక్క గీత కూడా పడలేదు. చిత్రకారిణి నేల మీద కూర్చుని గట్టిగా ఏడ్చింది.

మూడో రోజు రెసిడెన్సీ నడిపే మేడమ్ దగ్గరికి వెళ్ళి, గోడ మీద పెట్టే మాటలు మార్చాలంది. సంగతి విని మేడమ్ కంగారు పడలేదు సరికదా, కళ్ళు మెరిశాయి. ఇది ఇంకా బావుంది, జ్ఞాపకాన్ని నమ్మలేమన్న కోణంలో పెద్దగా రాయిద్దామంది. కొందరికి ఇల్లు కాలినా అంశమే. చిత్రకారిణి వెళ్ళి, తన చేత్తోనే ఒక అట్ట మీద రాసింది: "ఈ గదిలో ఏడు గంటలు ఉన్నది మా అక్క. నేను విన్నాను." తర్వాత చట్రానికి బిగించిన తలుపు ఊడదీసి పక్కన పెట్టింది. తెర మీద ఎడమ మూలను అలాగే వదిలేసింది. అక్కకు ఫోన్ చేసి, రమ్మంది. చూస్తానంది అక్క.

తలుపులు తెరిచిన రోజు జనం బాగానే వచ్చారు. శబ్దాలాయన హాల్లో నవ్వులు, మట్టిబొమ్మలావిడ హాల్లో పిల్లల కేకలు. ఈమె గదిలోకి వచ్చినవాళ్ళు అట్ట మీది మాటలు చదివి, ఆమెను ఒకసారి చూసి, మర్యాదగా వెళ్ళిపోయారు. పాత పుస్తకాలు చదివి వచ్చిన ఒకావిడ, అయితే ఆ పాప మీరు కాదా అని రెండుసార్లు అడిగింది. కాదండీ, నేను ఇంట్లో ఉన్నాను అని చెప్పింది చిత్రకారిణి. ఎవరూ దగ్గరికి తీసుకోలేదు. అది న్యాయమేనని ఆమెకు తెలుసు, అయినా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

నాలుగింటికి అక్క వచ్చింది. అట్ట మీది రెండు వాక్యాలూ అద్దాలు సరిచేసుకుని చదివింది. తలుపు లేని గుమ్మం దగ్గర కాసేపు నిలబడి, లోపలికి వచ్చి, స్టూలు మీద కూర్చుంది. మెట్లు ఇంత పెద్దవి కావంది. చందమామ బావుందంది. ఎడమ మూల ఖాళీ గుడ్డను చూసి, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని దాని పట్టీని సవరించుకుంటూ ఉండిపోయింది. చెల్లెలు వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. తప్పైందక్కా అంది. అక్క ఆమె తల మీద చెయ్యి వేసింది. ఒళ్ళోని పిల్ల తలను నిమిరినట్టు కాకుండా, జ్వరం చూసినట్టు నుదుటి మీద వేసి తీసేసింది.

"అక్కా, ఆ రోజు అమ్మ ఒళ్ళో నేనెలా ఉన్నాను? అమ్మ ఏమైనా అందా? ఏమైనా పాడిందా?"

అక్క అద్దాలు తీసి చీర చెంగుతో తుడిచింది.

"చెప్పక్కా. నువ్వు చెప్తే నాకు గుర్తుంటుంది."

"నాకెలా తెలుస్తుందే?" అంది అక్క. "నేనిక్కడ ఉన్నాను కదా."